రాజా దీన్ దయాళుని రూపచిత్రములు

చరిత్ర వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, దస్తావేజులను వెదకుదురు. మనుష్యుల ముఖములనుగూడ చరిత్రసాధనములుగా జదువుట మనకింకను నలవడలేదు. రూపచిత్రము కేవలము వినోదవస్తువు కాదు. ఎవరిని చిత్రించిరి, ఎవరి పేరు వ్రాసిరి, ఎవరి పేరు విడిచిరి అని విచారించినచో, ఆనాటి సంఘము తన మనుష్యులను ఎట్లు తూచెనో తేటపడును.

హైదరాబాదునందు పంజగుట్టకు చేరువ నొక మిట్టమీద ఇర్రం మంజిల్ అను హర్మ్యము కలదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున నవాబు ఫఖ్రుల్ ముల్క్ దానిని కట్టించెను. ఆ నేల ఎఱుపునుబట్టి జనులు పిలుచుకొను తెలుగుపేరునకు శ్రుతి కలియునట్లు, పారసీకమున స్వర్గవనమను నర్థముగల ‘ఇరం’ అను మాటను నవాబు ఎంచుకొనెనని చెప్పుదురు. దానిని పడగొట్టి శాసనసభామందిరము కట్టదలచిన ప్రభుత్వ నిర్ణయమును 2019లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసినందున మేడ నిలిచినది. అట్టి మేడలలో వసించిన అమీరుల రూపములను గాజుపలకలమీద నిలిపినవాడు రాజా దీన్ దయాళు.

ఇతడు 1844లో మీరటు సమీపమున సర్ధానాలో జన్మించెను. రూర్కీలో స్థపతివిద్య నభ్యసించి, ఇందూరులో నుద్యోగము చేయుచు ఛాయాగ్రహణము నేర్చెను. పిమ్మట ఆఱవ నిజాము మహబూబలీఖాను ఆస్థానమునకు వచ్చి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదమందెను. ఆ కాలమున తడిపలకలు పోయి పొడిపలకలు వచ్చెను. పలకను అప్పటికప్పుడు సిద్ధపఱుపవలసిన శ్రమ తప్పెను; నిమేషకాలమున చిత్రము తీయుట సాధ్యమయ్యెను. యంత్రమునెదుట కొయ్యబొమ్మవలె బిగిసియుండు మనిషికి కొంత సడలిక దొరకెను.

దీన్ దయాళుని సాహసము పలకతో నాగలేదు. 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకే యొక జనానా చిత్రశాలను తెఱచి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత చేతికిచ్చెను. పరదా తొలగలేదు, నిజమే. పరదాలోని స్త్రీకిగూడ తన రూపమును తాను చూచుకొను హక్కు కలదని మాత్రము ఆ శాల యొప్పుకొనెను. ఒక స్త్రీకి గౌరవమైన వృత్తినిగూడ నిచ్చెను. సంస్కారము పెక్కుతావుల నిట్టి సన్నని సందులనుండియే ప్రవేశించినది.

ఇక రెండవ పక్షము. 1899–1900 నాటి ఘోరక్షామమున, అప్పుడు నిజాము రాజ్యములోనిదైన ఔరంగాబాదు ప్రాంతపు అన్నార్తులనుగూడ దీన్ దయాళు సంస్థవారు చిత్రించిరి. కర్జను ప్రభువు సేకరణములోని ఆ చిత్రములు నేడు లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. గోచిపాతలతో, ఎముకలు లెక్కింపదగిన దేహములతో నిలిచిన మనుష్యులకు అచట పేర్లు లేవు. శుష్కించిన దేహముల ‘రకములు’ అను వ్రాత కలదు. అమీరునకు పేరు, బిరుదము, వంశము. ఆకలిగొన్నవానికి జాతిపశువునకువలె నొక రకము! కటకము ఇరువురను ఒక్కతీరుననే చూచినది. భేదము పలకమీద లేదు, పలకక్రింది వ్రాతలో నున్నది.

దీన్ దయాళు 1905లో గతించెను. అతని సంస్థవారి 2,857 గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సంపాదించెను. 2013లో కెనడాదేశపు టొరాంటోలోని రాయల్ ఆంటారియో ప్రదర్శనశాల అతని చిత్రములను ప్రదర్శించెను. ఇట్టి ప్రదర్శనములలో కొలువుల వైభవమును చూచి మురియుట సులభము. ఆ వైభవము ప్రక్కనే క్షామచిత్రమును వ్రేలాడదీసి, రెండింటిక్రింది వ్రాతలను బాలురచే చదివింపవలెనని మేము కోరుచున్నాము.

పంజగుట్టను దాటినచో అమీరుపేట. అచట విద్యార్థులు ఉద్యోగవిద్యలకై దరఖాస్తులమీద తమ చిన్న ఛాయాచిత్రములను అంటించుచున్నారు. కూలివాని కుమార్తె ముఖముక్రిందగూడ నేడు ఆమె పేరు వ్రాయబడుచున్నది. ఒకనాడు అమీరులకే దక్కిన ఈ గౌరవము అల్పమైనదని యెవ్వరును తలపరాదు. ముఖముక్రింద పేరు వ్రాయుటయే మనిషిని మనిషిగా లెక్కించుటకు మొదటి మెట్టు.