నిచ్చెన అందని చోటు: న్యూయార్క్ అగ్నిమాపక దళం, ప్రాణరక్షణ చరిత్ర

న్యూయార్క్ నగర అగ్నిమాపక దళంలో ప్రాణరక్షణ చరిత్రను తెలుసుకోవడానికి సులువైన దారి పతకాల పట్టిక. న్యూయార్క్ హెరాల్డ్ పత్రికాధిపతి కుటుంబానికి చెందిన జేమ్స్ గార్డన్ బెన్నెట్, తమ ఇంటిని మంటల నుంచి కాపాడినందుకు కృతజ్ఞతగా 1869లో నెలకొల్పిన పతకం 2020 దాకా ఆయన పేరుతోనే ఆ దళంలో అత్యున్నత గౌరవంగా నిలిచింది. దానిని అందుకున్నవారి వరుసను అనుసరిస్తే ఒకటిన్నర శతాబ్దపు సాహసాలన్నీ కళ్లముందుకు వస్తాయి. అయితే ఆ వరుసలో ఒక లోపం ఉంది. పతకం మనిషిని గుర్తుపెట్టుకుంటుందే తప్ప, ఆ మనిషి అంతటి సాహసానికి ఎందుకు పూనుకోవలసి వచ్చిందో చెప్పదు. ప్రసిద్ధమైన ప్రతి రక్షణ ఘటననూ కాస్త దగ్గరగా పరిశీలిస్తే, దళం చేతిలోని పరికరం ఎక్కడిదాకా అందిందో, ఎక్కడ ఆగిపోయిందో అన్న ప్రశ్నే దాని వెనుక కనిపిస్తుంది.

1865కు పూర్వం ఈ నగరంలో మంటలు ఆర్పే పనిని స్వచ్ఛంద బృందాలు చూసుకునేవి. ఆ సంవత్సరం రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో జీతాలపై పనిచేసే దళం ఏర్పడింది, 1870లో అది నగర పాలన కిందికి వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే మేడల ఎత్తుకు ఉన్న హద్దు చెదిరింది. అంతవరకు మనిషి విసుగు లేకుండా ఎక్కగలిగిన మెట్ల సంఖ్యే భవనపు ఎత్తును నిర్ణయించేది. బ్రాడ్‌వేలోని ఒక దుకాణంలో ఎలీషా ఓటిస్ 1857లో ప్రయాణికుల లిఫ్టును అమర్చడం, 1870లో అదే వీధిలో వెలసిన ఈక్విటబుల్ బీమా సంస్థ కార్యాలయ భవనం లిఫ్టులతోనే ప్రారంభం కావడం ఆ హద్దును తొలగించాయి. పై అంతస్తు చవక గది కావడం పోయి ఖరీదైన గది అయింది. కార్యాలయాలు, హోటళ్లు, అద్దె నివాసాలు పైకి పెరుగుతుండగా, గుర్రపు బండి మీద వచ్చే కర్ర నిచ్చెన మాత్రం నాలుగైదు అంతస్తుల దగ్గరే ఆగిపోయింది.

ఈ అంతరం 1882 జనవరి 31న పార్క్ రో వీధిలోని పాత వరల్డ్ పత్రిక భవనం తగలబడినప్పుడు నగరానికంతటికీ కనిపించింది. కిటికీల దగ్గర నిలబడి కేకలు పెడుతున్నవారిని నిచ్చెనలు చేరలేకపోయాయి. చార్లెస్ రైట్ అనే నల్లజాతి యువకుడు, వీధిలో బూట్లు పాలిష్ చేసి బతికేవాడు, తంతి స్తంభం ఎక్కి ఒక తీగను ఉపయోగించి కొందరిని కిందికి దిగేలా చేయగలిగాడు. దళం చేయవలసిన పనిని దారిన పోయేవాడు చేయవలసి రావడం అధికారులకు గట్టిగానే తగిలింది.

వారికి దొరికిన పరిష్కారం కొక్కెపు నిచ్చెన. ఫ్రాన్స్ అగ్నిమాపక సైనికులు వాడిన పరికరం నుంచి వచ్చిన ఈ నిచ్చెనకు రెండు నిలువు కర్రలుండవు. ఒకే ఒక దృఢమైన దండం, దానికి అడ్డంగా దూర్చిన మెట్లు, కొసన పొడవాటి ఉక్కు కొక్కెం, అంతే. సిపాయి ఆ కొక్కేన్ని పై అంతస్తు కిటికీ గట్టుకు తగిలించి, ఊగుతున్న దండం మీదుగా ఎక్కి, కిటికీ గట్టుపై కాలు మోపి, అదే నిచ్చెనను ఊడదీసి మరో అంతస్తుకు తగిలిస్తాడు. అంటే నిచ్చెన పొడవు ఒక అంతస్తే అయినా కిటికీలున్నంత ఎత్తుకూ ఎక్కవచ్చు. 1877లో సదరన్ హోటల్ అగ్నిప్రమాదంలో ఇలాంటి చేదు అనుభవమే పొందిన సెయింట్ లూయిస్ నగరంలో క్రిస్ హోయెల్ అనే అగ్నిమాపక ఉద్యోగి దీనిని అభ్యాసంలోకి తెచ్చాడు. న్యూయార్క్ దళం అతని చేతనే తమవారికి శిక్షణ ఇప్పించి, 1883లో హ్యూ బోనర్ ఆధ్వర్యంలో శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. వీధిలోని జనానికి ఈ విన్యాసం సర్కస్‌లా కనిపించి ఉండవచ్చు. ఎక్కేవాడికి మాత్రం కొక్కెం ఆనిన చోట రాయి గట్టిదా గుల్లదా అన్నదే జీవన్మరణ సమస్య, అది ముందుగా తెలుసుకునే ఉపాయమేదీ లేదు.

ఆ శిక్షణకు ఫలితం మరుసటి ఏడాదే కనిపించింది. 1884 ఏప్రిల్ 7న తూర్పు 17వ వీధిలోని సెయింట్ జార్జ్ ఫ్లాట్స్ అనే అద్దె నివాసంలో మంటలు లేచి, పై అంతస్తు కిటికీలో ఒక వ్యక్తి చిక్కుకుపోగా, మామూలు నిచ్చెనలు అందని ఆ ఎత్తుకు జాన్ బిన్స్ కొక్కెపు నిచ్చెనతో చేరి అతణ్ణి కిందికి దించాడు. ఈ నగరంలో ఆ పరికరంతో జరిగిన తొలి రక్షణగా దానికి పేరు, బిన్స్‌కు బెన్నెట్ పతకం దక్కాయి.

1899 మార్చి 17న ఐదో అవెన్యూలోని విండ్సర్ హోటల్‌కు నిప్పంటుకున్నప్పుడు అదే నిచ్చెన ఎందరినో కాపాడింది. ఆ రోజు సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపు జరుగుతుండటంతో వీధంతా జనంతో కిక్కిరిసి, బండ్లు ముందుకు సాగడమే కష్టమైంది. ప్రమాదాన్ని తలచుకొని ఆ హోటల్ గదుల్లో తాళ్లు ముందే ఉంచారు. వాటిని పట్టుకొని దిగబోయిన అతిథులు చాలామంది జారే వేగానికి అరచేతులు కాలిపోయి, పట్టు వదిలి పడిపోయారు. సాధనం చేతిలో ఉండటం వేరు, సాధన ఉండటం వేరు అన్న తేడా, కిటికీ గట్టు మీది శిక్షితుడైన సిపాయికీ పక్క కిటికీలోని అతిథికీ మధ్య ఆ మధ్యాహ్నం స్పష్టంగా కనిపించింది.

1899 నుంచి దళానికి అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ క్రోకర్ ఈ విజయాలను చూసి మురిసిపోలేదు. ఏడో అంతస్తు దాటితే తన దళం సమర్థంగా పోరాడలేదని అతడు బహిరంగంగానే హెచ్చరిస్తూ వచ్చాడు. 1911 మార్చి 25న పదంతస్తుల ఆష్ భవనంలోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం ఆ హెచ్చరికను నిజం చేసింది. మంట పుట్టింది ఎనిమిదో అంతస్తులో (అమెరికన్ల లెక్కలో నేల అంతస్తే మొదటిది). దళం పైకెత్తిన నిచ్చెన ఆరో అంతస్తు దగ్గర ఆగిపోయింది. కింద పట్టిన వలలు ఒక మనిషి దూకితే తట్టుకోగలవేమో కాని, ఒకరి చేయి ఒకరు పట్టుకొని తొమ్మిదో అంతస్తు నుంచి దూకిన అమ్మాయిల బరువుకు చిరిగిపోయాయి. ఒక మెట్లదారి తలుపుకు తాళం ఉంది, వెనుకవైపు ఇనుప మెట్లు కూలిపోయాయి. 146 మంది మరణించారు. ఆ రోజు బతికినవారిలో ఎక్కువమందిని బయటికి తెచ్చింది అగ్నిమాపక పరికరాలేవీ కావు: పొగలోకి మళ్లీ మళ్లీ లిఫ్టు నడిపిన ఇద్దరు కార్మికులు, పక్క భవనం కప్పు మీదినుంచి నిచ్చెనలు దించిన న్యూయార్క్ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర విద్యార్థులు ఎందరినో రక్షించారు. ఆష్ భవనం మంటలకు కూలనిదిగా పేరు పొందింది, నిజంగానే కూలలేదు. నేటికీ ఆ విశ్వవిద్యాలయపు తరగతి గదులతో నిలిచి ఉంది. క్రోకర్ అదే ఏడాది పదవి వదిలి అగ్నినివారణ ప్రచారంలోకి వెళ్లాడు, నగరంలో అగ్నినివారణ విభాగం ఏర్పడింది. ఈ చరిత్ర మొత్తంలో అత్యధిక ప్రాణాలను కాపాడింది ఆ విభాగపు తనిఖీలే అయి ఉండవచ్చు, కాని జరగని ప్రమాదానికి పతకమివ్వడం ఎవరికీ సాధ్యం కాదు.

ఎత్తు ఒక్కటే అడ్డంకి కాదని మరుసటి శీతకాలం చూపింది. లిఫ్టు యుగానికి ఆరంభమై నిలిచిన ఈక్విటబుల్ భవనమే 1912 జనవరి 9 తెల్లవారుజామున తగలబడింది. నీరు గొట్టం నుంచి వెలువడిన కాసేపటికే గడ్డకట్టేంత చలి. గోడలు, నిచ్చెనలు, మనుషుల దుస్తులు మంచు పేరుకొని బిగుసుకుపోయాయి. పైకప్పు మీద చిక్కుకున్న ముగ్గురిని దళం కాపాడలేకపోయింది. నేలమాళిగలో మాత్రం మరో రకం చిక్కు ఎదురైంది: ధనాగారాలు నడిపే మర్కంటైల్ సేఫ్ డిపాజిట్ సంస్థ అధ్యక్షుడు విలియం గిబ్లిన్ లోపలికి వెళ్లి, దారి మూసుకుపోయి, వీధివైపు కిటికీ దగ్గర నిలిచిపోయాడు. ఆ కిటికీకి దొంగలను ఆపడం కోసం మందపాటి ఉక్కు ఊచలు బిగించి ఉన్నాయి. నేలమట్టానికి దగ్గరగా, రక్షకుల చేతికి అందేంత దూరంలో మనిషి ఉన్నాడు, మధ్యలో ఊచలున్నాయి. నిచ్చెనలతో, వలలతో, గొట్టాలతో వచ్చిన దళం దగ్గర ఉక్కును కోసే సాధనమంటూ చేతిరంపం తప్ప మరేదీ లేదు.

సెనెకా లార్క్ అనే సిపాయి ఆ రంపంతో పని మొదలుపెట్టాడు. పైనుంచి శిథిలాలు రాలుతున్నాయి, గొట్టాల నీరు ఒంటి మీద పడి గడ్డకడుతోంది, పై అంతస్తులు ఎప్పుడు కూలతాయో తెలియదు. ఎవరి కంటికీ ఆనని ఈ పనిని అతడు గంటకు పైగా సాగించి, ఊచలు తెగిన సందులోంచి గిబ్లిన్‌ను సజీవంగా బయటికి లాగాడు. అతనికి బెన్నెట్ పతకం లభించింది; అదే భవనంలో బెటాలియన్ చీఫ్ విలియం వాల్ష్ శిథిలాల కింద ప్రాణం కోల్పోయాడు. కొక్కెపు నిచ్చెన విన్యాసాలతో పోలిస్తే లార్క్ చేసినదానిలో చూడముచ్చటైనదేదీ లేదు, అయినా ఈ నగరపు రక్షణ చరిత్రలో ఓర్పుకు అంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. ఆ స్థలంలోనే 1915లో 38 అంతస్తుల కొత్త ఈక్విటబుల్ భవనం లేచి వీధులను నీడలో ముంచడం 1916లో నగరం భవన నిర్మాణ పరిమితుల చట్టం చేయడానికి ఒక కారణమైంది.

1915 జనవరి 6న భూగర్భ రైలుమార్గంలో విద్యుత్ తీగలు కాలి సొరంగాలు పొగతో నిండినప్పుడు ఇంకో కొరత బయటపడింది: ప్రయాణికులను బయటికి తేవడానికి దిగిన సిబ్బందే ఊపిరాడక పడిపోయారు. అదే ఏడాది మార్చి 8న రెస్క్యూ 1 అనే ప్రత్యేక దళం పని ప్రారంభించింది. కెప్టెన్ జాన్ మెకెలిగాట్ నాయకత్వంలో, యంత్రాలూ విద్యుత్తూ తాళ్లూ వంటి పనులు తెలిసినవారిని ఏరి కూర్చిన ఈ దళం దగ్గర, వెంట మోసుకెళ్లే ప్రాణవాయువుతో పొగలో శ్వాస నిలిపే జర్మన్ శిరస్త్రాణాలు, ఉక్కును కరిగించి కోసే గ్యాసు కట్టర్, ఓడ ప్రమాదాల్లో తీరం నుంచి తాడును దూరానికి పేల్చడానికి వాడే చిన్న ఫిరంగి ఉండేవి. ఈక్విటబుల్ కిటికీకి సమాధానం ఆ కట్టర్, అదే భవనపు కప్పుకు సమాధానం ఆ ఫిరంగి అని చదువుకోవచ్చు.

యంత్రాలతో పైకి సాగే లోహపు నిచ్చెనలు వచ్చాక కూడా, భవనపు వెనుకవైపునో ఇరుకు సందులోనో బండి నిలవని చోట మిగిలిన చివరి ఉపాయం తాడు. కప్పు మీదినుంచి ఒక సిపాయిని తాడుతో దించుతారు, అతడు కిటికీలోని మనిషిని ఒడిసి పట్టుకుంటాడు, ఇద్దరినీ కలిపి కిందికి వదులుతారు. 1980 జూన్ 27న మన్‌హాటన్ ఉత్తర భాగంలో పశ్చిమ 151వ వీధిలోని నివాస భవనంలో ఇలాగే, మంటలు తరుముకురాగా కిటికీలో చిక్కుకున్న తోటి సిపాయి జెరార్డ్ ఫ్రిస్బీ కోసం లారెన్స్ ఫిట్జ్‌ప్యాట్రిక్ దిగాడు. ఇద్దరి బరువు పడగానే తాడు తెగి ఇద్దరూ మరణించారు. ఈ విషాదం తర్వాత అగ్నిమాపక తాడు అంటే ఏమిటన్న ప్రశ్ననే దేశం కొత్తగా అడిగింది. 1985లో వెలువడిన జాతీయ ప్రమాణం ప్రకారం ఇద్దరి కోసం ఉద్దేశించిన తాడు 600 పౌన్ల భారానికి పదిహేను రెట్లు, అంటే 9,000 పౌన్లు, సుమారు 4,080 కిలోలు తట్టుకోవలసి ఉండేది, ప్రాణరక్షణకు ఒకసారి వాడాక దానిని పక్కన పెట్టేయవలసి ఉండేది.

1991 మేలో టైమ్స్ స్క్వేర్ దగ్గర పన్నెండో అంతస్తు కిటికీల్లో ఇద్దరు చిక్కుకున్నప్పుడు కొత్త తాడుకు పరీక్ష వచ్చింది. కప్పు మీద తాడు కట్టడానికి నమ్మకమైన ఆధారం లేదు. లెఫ్టినెంట్ పాట్రిక్ బ్రౌన్, మరికొందరు పడుకొని తమ శరీరాలనే ఆధారంగా చేసి తాడు బిగపట్టగా, రెస్క్యూ 1కు చెందిన పాట్రిక్ బార్, కెవిన్ షే ఒకరి తర్వాత ఒకరు పిట్టగోడ దాటి దిగి ఆ ఇద్దరినీ దించారు. వీధిలోని కెమెరాలకు చిక్కిన ఆ దృశ్యం దేశమంతా చూసింది. కింద వేలాడినవాడి బొమ్మ పడింది, పైన పట్టుకున్నవారి బొమ్మ పడలేదు. పదేళ్ల తర్వాత, 2001 సెప్టెంబర్ 11న, నిచ్చెన బండి దళమైన లాడర్ 3 కెప్టెన్‌గా ప్రపంచ వాణిజ్య కేంద్రం ఉత్తర బురుజు మెట్లు ఎక్కిన బ్రౌన్ తిరిగి రాలేదు. ఆ ఒక్క రోజు దళం 343 మందిని కోల్పోయింది. ఆ ఎత్తున ఏ నిచ్చెనా ఏ తాడూ పనికిరాదు, ఉన్నదల్లా మెట్లు. విమానాలు తాకిన అంతస్తులకు దిగువన ఉన్నవారిలో అత్యధికులు ఆ మెట్ల మీదుగానే బయటపడ్డారు. లాడర్ 6 కెప్టెన్ జే జోనస్ బృందం నడవడానికి కష్టపడుతున్న ఒక మహిళను వదిలి వెళ్లకుండా ఆమె అడుగుతో అడుగు కలిపి దిగుతూ, బురుజు కూలే వేళకు మెట్లదారిలో కూలకుండా మిగిలిన చిన్న ముక్కలో ఉండి ఆమెతో సహా బతికింది.

తాడు కథలో చివరి ఘట్టం రక్షకుల రక్షణకు సంబంధించినది. ఒక్కో సిపాయికి ఇచ్చే సొంత తప్పించుకునే తాడును దళం 2000లో ఆపేసింది. 2005 జనవరి 23న బ్రాంక్స్ ప్రాంతంలో తూర్పు 178వ వీధి నివాసంలో, నాలుగో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు సిపాయిలు కిటికీల నుంచి దూకవలసి వచ్చింది. కర్టిస్ మైరన్, జాన్ బెల్లూ మరణించారు, మిగిలిన నలుగురూ తీవ్రంగా గాయపడ్డారు. ఆ ఆరుగురిలో జెఫ్రీ కూల్ ఒక్కడి దగ్గరే తాడుంది, అదీ సొంత డబ్బుతో కొనుక్కున్నది. దానినే అతడూ మరో సహచరుడూ పంచుకున్నారు. అదే ఏడాది నుంచి దళం ప్రతి సిపాయికీ తాడు, కిటికీ గట్టుకు తగిలించే కొక్కెం, దిగే వేగాన్ని అదుపు చేసే పరికరం, నడుముకు కట్టుకునే పట్టీ కలిసిన సామగ్రిని అందించడం, శిక్షణలో దానితో కిటికీ దాటి దిగడాన్ని అభ్యాసం చేయించడం మొదలుపెట్టింది.