యౌవనారంభమును కొలుచుట ఎట్లు?

బిడ్డ పొడవును గోడమీద గీత గీసి కొలువవచ్చును. బరువును త్రాసులో తూచవచ్చును. బాల్యము దాటి యౌవనములో అడుగిడుటను కొలుచుట మాత్రము అంత సులభము కాదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో ఆడపిల్ల పెద్దమనిషియైన దినమున తిథి, వారము, నక్షత్రము చూచుకొను ఆచారము కలదు. మేనమామ పచ్చి ఆకులతో గుడిసె కట్టును. ఆ దినము తల్లికి ఏండ్ల తరబడి జ్ఞాపకముండును. "ఎన్నవ యేట పెద్దమనిషివైతివి?" అని స్త్రీల నడిగి సగటు కట్టుట ఒక పద్ధతి. కాని తిథి గుర్తున్నను, పుట్టిన సంవత్సరము వ్రాసియుండనిచో వయస్సు తేలదు. అందుచే వయస్సు తెలిసిన బాలికలను "అయినదా, కాలేదా?" అని మాత్రమే అడుగు పద్ధతి ఏర్పడినది. ఏ వయస్సున సగము మంది "అయినది" అందురో అదే ఆ సముదాయపు మధ్యస్థ వయస్సు. పోషణకును రజస్వల వయస్సునకును గల సంబంధమును గూర్చి కె. సత్యనారాయణ, ఎ. నడముని నాయుడు గార్లు గ్రామీణ హైదరాబాదు బాలికలను పరిశీలించి 1979లో ప్రచురించిరి.

మగపిల్లలకు ఇట్టి వేడుక లేదు, తిథి లేదు. గొంతు మారుట, మీసము మొలచుట మెల్లగా జరుగును. ఇంగ్లండులో డబ్ల్యు.ఎ. మార్షల్, జె.ఎం. టానర్ అను వైద్యులు 1969లో 192 మంది బాలికల, 1970లో 228 మంది బాలుర ఎదుగుదలను ప్రకటించి, ఈ మార్పులను అయిదు దశలుగా వివరించిరి. అయితే దీనికి పిల్లలు వైద్యుని యెదుట బట్టలు విప్పవలెను. పాఠశాలలో అది సాధ్యమా? 1980లో అమెరికాలో కొందరు వైద్యులు ఈ దశల బొమ్మలను పిల్లలకే చూపి, తమ దశను తామే గుర్తింపుమనిరి. 1988లో ఆన్ పీటర్సన్ మొదలగువారు బొమ్మలు లేకుండ ప్రశ్నలతోనే ఒక కొలమానమును కూర్చిరి. ఎత్తు పెరుగుట, చర్మపు మార్పు, గొంతు మున్నగువానిని గూర్చి "ఇంకను మొదలు కాలేదు" మొదలు "పూర్తియైనది" వరకు నాలుగు జవాబులు.

ఈ కొలత దోషరహితము కాదు. తొలి దశలోని పిల్లలు తమ్ము కొంత ముందున్నట్లును, చివరి దశలోనివారు కొంత వెనుకనున్నట్లును చెప్పుట కలదు. కనుక ఇది సముదాయములను పోల్చుటకు పనికివచ్చును. ఎనిమిదేండ్లకు ముందే బాలికలో, తొమ్మిదేండ్లకు ముందే బాలునిలో మార్పులు కనిపించినచో వైద్యునే చూడవలెను.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. "అయినది" అన్న మాట వెంట బడి మానుట, పెండ్లి మాటలు వచ్చు ఇంట బాలిక నిజము దాచవచ్చును. వివాహమునకు బాలికకు కనీస వయస్సు 1929 శాసనమున 14గా, 1978లో 18గా నిర్ణయింపబడినది. దేహపు మార్పు పెండ్లికి గుర్తు కాదని చట్టము చెప్పినను, ఆ భయము ఇంటినుండి పోవలెను. ఒంటరిగా, పేరు వ్రాయని కాగితముమీద, తన నుడిలో అడిగినప్పుడు, జవాబు వలన తనకు నష్టము లేదని నమ్మినప్పుడే బిడ్డ మాట కొలబద్ద కాగలదు.