చట్టం లెక్కలో లేని తల

2019 డిసెంబరు 4న గుజరాత్ మంత్రివర్గం నగరపాలక, పురపాలక సంస్థల పరిధిలో ద్విచక్ర వాహనదారులకు హెల్మెట్ ఐచ్ఛికమని నిర్ణయించింది. కేంద్రం సవరించిన మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చి అప్పటికి మూడు నెలలే అయింది. పెరిగిన జరిమానాలపై పట్టణాల్లో రేగిన ఆగ్రహానికి ప్రభుత్వం తలొగ్గింది. విషయం న్యాయస్థానం మెట్లెక్కాక ఆ సడలింపు నిలవలేదు. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి అదే రాష్ట్రంలోని సూరత్ నగరంలో పోలీసులు హెల్మెట్ నిబంధనను మునుపెన్నడూ లేనంత గట్టిగా అమలు చేయసాగారు.

ఓట్ల కోసం సడలించడం, గణాంకాలు చూసి బిగించడం మన రాజకీయాల్లో కొత్త కాదు. నన్ను ఆలోచింపజేసింది మరొకటి. ఈ వివాదంలో మంత్రులు, న్యాయవాదులు, పోలీసు అధికారులు ఎందరో మాట్లాడారు. సైకిలు తొక్కేవాడి తల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆ తలకు రక్షణ అవసరమా, అవసరమైతే ఎలాంటిది, దాన్ని ఎవరు సమకూర్చాలి అన్న ప్రశ్నలకు చరిత్రలో కొన్ని సమాధానాలున్నాయి. వాటిని ఒక వరుసలో పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూరత్‌లో మనవాళ్లు

సూరత్ సైకిలు గురించి తెలుగు పాఠకుడు ఎందుకు పట్టించుకోవాలి? ఆ సైకిళ్ల మీద ఉన్నవారిలో మనవాళ్లూ ఉన్నారు కనుక. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నేత కుటుంబాలు చేనేత చితికిపోయిన కాలంలో షోలాపూర్, భీవండి, ముంబయి, సూరత్ నగరాలకు తరలిపోయాయి. మగ్గం మీద పుట్టి పెరిగినవాళ్లు మరమగ్గాల షెడ్లలో కూలీలయ్యారు. లింబాయత్ వంటి వాడల్లో తెలుగు వినిపించడం నేటికీ సహజమే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే ఆ వలస ఏ స్థాయిలో సాగిందో ఊహించుకోవచ్చు.

ఆ నగరపు ఆధునిక రూపురేఖల్లోనూ ఒక తెలుగువాడి చేయి ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు మురికిని తొలగించి, ఆక్రమణలను కూల్చి, రోడ్లను వెడల్పు చేశారు. దేశమంతా ఆ పనిని మెచ్చుకుంది. అయితే వెడల్పైన రోడ్డు మీద వేగం పెరుగుతుంది. రోడ్డు విస్తరణ ఫలితం మోటారు బండికి దక్కినంతగా, షిఫ్టు దిగి అలసిపోయి ఇంటికి సైకిలు తొక్కే మరమగ్గం కార్మికుడికి దక్కలేదు. ఇది సూరత్ ఒక్కదాని కథ కాదు, మన నగరాలన్నిటిదీ.

సైనికుడి నుంచి పందెగాడి దాకా

1935 మే 13న ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు మీద వెళ్తున్నాడు. ఎదుట సైకిళ్ల మీద ఇద్దరు కుర్రాళ్లు కనిపించారు. వారిని తప్పించబోయి తాను పడిపోయాడు. తలకు తగిలిన గాయంతో ఆరు రోజుల తర్వాత మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యుల్లో ఒకరు హ్యూ కెయిర్న్స్. ఆస్ట్రేలియాలో పుట్టిన మెదడు శస్త్రచికిత్స నిపుణుడు. ఆ మరణం ఆయన్ను వదల్లేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఒక పత్రం ప్రచురించాడు. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైన మోటారు సైకిలిస్టులు ఆయనకు దొరికింది ఏడుగురే. ఆ ఏడుగురూ బతికారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. సాధారణ పౌరుడి కోసం అదే నిబంధన తేవడానికి బ్రిటన్ 1973 దాకా ఆగింది. సైనికుడు చనిపోతే ప్రభుత్వానికి వెంటనే నష్టం. పౌరుడి చావు లెక్కకు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

నాటి హెల్మెట్ల లోపల నేటి నురుగు లేదు. 1953లో అమెరికాలో సి.ఎఫ్. లాంబార్డ్ పేటెంటు పొందిన నమూనాతో అసలు మార్పు వచ్చింది. గట్టి పైచిప్ప దెబ్బను పరుస్తుంది. లోపలి పొర నలిగిపోతూ ఆ శక్తిని తనలోకి తీసుకుంటుంది. కార్ల పందెంలో 1956లో మరణించిన పీట్ స్నెల్ పేరిట మరుసటి ఏడాది ఏర్పడిన సంస్థ హెల్మెట్లను పరీక్షించి యోగ్యతాపత్రం ఇచ్చే పద్ధతిని బలపరిచింది. సైకిలుకు మాత్రం 1975 దాకా ఇలాంటిది రాలేదు. అప్పటివరకు పందెగాళ్లు తోలు పట్టీలు కుట్టిన టోపీ పెట్టుకునేవారు. దానితో చర్మం గీసుకుపోకుండా ఉంటుందేమో కానీ మెదడుకు రక్షణ దాదాపు సున్నా. 1975లో అమెరికాలో వచ్చిన ‘బెల్ బైకర్’తో, మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థపు దట్టమైన రూపం సైకిలు హెల్మెట్‌లోకి చేరింది. నేటికీ చాలా హెల్మెట్ల ప్రాణం అదే.

అయినా ధరించడానికి పందెగాళ్లే ఒప్పుకోలేదు. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన పెట్టబోతే పారిస్–నీస్ పందెంలో వారు సమ్మెకు దిగారు. ఎండ, ఉక్క, బరువు అన్నవి వారి వాదనలు. నిబంధన వెనక్కి పోయింది. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో ఇటలీకి చెందిన ఫాబియో కాసార్తెల్లీ కొండదారిలో దిగుతూ పడి తలకు గాయమై మరణించాడు. అప్పటికీ కదలిక లేదు. 2003 మార్చిలో అదే పారిస్–నీస్ పందెంలో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రీ కివిలేవ్ మరణించాకే, మే నెలలో హెల్మెట్ తప్పనిసరైంది. అప్పుడు కూడా చివరి పెద్ద ఎక్కుడులో తీసివేయవచ్చని తొలుత మినహాయింపు ఇచ్చారు. మెత్తని ఐరోపా ఎండలోనే సౌకర్యం ప్రాణరక్షణకు పన్నెండేళ్లు అడ్డుపడింది. సూరత్ సముద్రపు ఉక్కలో హెల్మెట్ సౌకర్యంగా ఉండాలనడం విలాసం ఎలా అవుతుంది? ధరించలేనిది ఇంట్లో మేకుకే వేలాడుతుంది.

మన చట్టం, మన న్యాయస్థానం

భారతదేశంలో హెల్మెట్ చరిత్రలో తెలుగు నేలకు ముఖ్యమైన స్థానముంది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాల్లోని హెల్మెట్ నిబంధన తన సంచార స్వేచ్ఛకు భంగకరమని ఒక పౌరుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అజయ్ కాను కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1988లో తీర్పు వచ్చింది. పౌరుడి ప్రాణాన్ని కాపాడే నిబంధన అతడి స్వేచ్ఛను హరించదని న్యాయస్థానం తేల్చింది. అదే సంవత్సరపు మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్‌ను దేశమంతటికీ చట్టం చేసింది. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర మోటారు వాహనాల హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది.

ఈ మెట్లన్నిటిలోనూ ‘మోటారు’ అన్న మాట ఉంది. సైకిలు మోటారు వాహనం కాదు. కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు, వెనుక కూర్చున్నవారు కలిసి 50,029 మంది అని లెక్క తేల్చారు. అదే ఏడాది మరణించిన సైకిలిస్టులు దాదాపు 4,800 మంది. వారి తల మీద ఏముందో, ఏమి ఉండి ఉంటే బతికేవారో అడిగే గడి ఆ పట్టికల్లో కనిపించదు. అడగని ప్రశ్నకు విధానం పుట్టదు.

కొనేవారికి చరిత్ర చెప్పే పాఠం

ప్రభుత్వం ఎంచి పెట్టనప్పుడు పౌరుడే ఎంచుకోవాలి. అందుకు పైన చెప్పిన చరిత్రే దారి చూపుతుంది.

మొదట లోపలి ముద్ర చూడాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 గానీ, అమెరికా ప్రమాణం సీపీఎస్‌సీ గానీ ఉంటే అది సైకిలు కోసం పరీక్షించిన హెల్మెట్. మోటారు బండి హెల్మెట్ సైకిలుకు పనికిరాదు. కిలోకు అటూ ఇటూ బరువుండి, గాలి ఆడనివ్వక, చెవులు మూసేస్తుంది. సైకిలు హెల్మెట్ బరువు సాధారణంగా 250 నుంచి 350 గ్రాములు. భవన నిర్మాణంలో వాడే ప్లాస్టిక్ టోపీ పైనుంచి పడే వస్తువుల కోసం చేసినది. పక్కకు పడితే అది ఆదుకోదు.

తరువాత కొలత. కనుబొమలకు కాస్త పైనుంచి టేపును తల చుట్టూ తిప్పితే వచ్చే సెంటీమీటర్లే సైజు. పట్టీ బిగించకుండానే హెల్మెట్ పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూడాలి. హెల్మెట్ జారితే అది మీది కాదు. నుదుటి మీద కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తున అది నిలవాలి. వెనక్కి వాల్చి పెట్టుకుంటే ముందుకు పడ్డప్పుడు నుదురు నేలకు తగులుతుంది. పక్కపట్టీలు రెండూ చెవి కిందనే కలవాలి. గడ్డం కింది పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. కొప్పు పెట్టుకునే స్త్రీలు జుట్టును కిందికి జడగా వేసుకోవడం మేలు. కొప్పు మీద నిలిచిన హెల్మెట్ ముందుకు ఒరిగిపోతుంది.

ఉక్క నగరాల్లో ముందునుంచి వెనక్కి గాలి పారే రంధ్రాలు, విప్పి ఉతుక్కోగల లోపలి మెత్తలు చాలా అవసరం. ధర పెరిగిన కొద్దీ బరువు తగ్గవచ్చు, గాలి ఎక్కువ ఆడవచ్చు. కనీస రక్షణకు ఆ ముద్ర చాలు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగున్నట్లే కనిపించినా పారేయాలి. లోపలి నురుగు ఒక్కసారే నలుగుతుంది, మళ్లీ లేవదు. ఆ కారణంగానే ఎవరో వాడినదాన్ని కొనకూడదు.

హెల్మెట్ ఆగిపోయే చోటు

ఇంత చెప్పాక మరో నిజం దాచకూడదు. ఈఎన్ 1078 పరీక్షలో హెల్మెట్‌ను చదును ఇనుప దిమ్మె మీద కొట్టించే వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. మనిషి సైకిలు మీదనుంచి తనంతట తాను పడితే తల నేలను తాకే వేగం సుమారుగా అంతే. వెనకనుంచి లారీ గుద్దితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను క్రోడీకరించి, హెల్మెట్ తలకు తీవ్ర గాయమయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేల్చారు. ఆ మేలు చిన్నది కాదు. కానీ అది ప్రమాదం జరిగాక అందే మేలు.

ప్రమాదాన్నే ఆపే బాధ్యతను రెండు దేశాలు రెండు రకాలుగా అర్థం చేసుకున్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1న సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. తలగాయాలు తగ్గాయి. సైకిలు తొక్కేవారు కూడా, ముఖ్యంగా కౌమార వయస్కులు, తగ్గారు. ఈ రెండింటిలో దేనివల్ల ఏది ఎంత జరిగిందన్న వాదన నేటికీ ముగియలేదు. నెదర్లాండ్స్‌లో 1970ల తొలినాళ్లలో రోడ్ల మీద పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నది ఆ ఉద్యమం పేరు. వారు కార్ల వేగం తగ్గించమని, సైకిలుకు వేరు దారి ఇవ్వమని అడిగారు. సాధించారు. నేడు అక్కడ నిత్యం సైకిలు తొక్కేవారిలో అత్యధికులు హెల్మెట్ పెట్టుకోరు. అయినా ప్రపంచంలో సైకిలుకు సురక్షితమైన దేశాల్లో అదొకటి.

మనకు ఈ ఉదాహరణల నుంచి ఒక్క ముక్కే ఏరుకునే వీలు లేదు. సూరత్‌లోనో వరంగల్‌లోనో రోడ్డు రేపటికల్లా డచ్చి రోడ్డు కాబోదు. కనుక నేడు సైకిలెక్కే మనిషికి హెల్మెట్ కావాలి. అది లేదని కూలివాడికి చలానా రాయడం మాత్రం అన్యాయం. అతడు పెంచని వేగానికి అతడి జేబునుంచి మూల్యం వసూలు చేసినట్లవుతుంది.

2021లో కేంద్ర ప్రభుత్వం ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో 11 నగరాలను ఎంపిక చేసి తలా కోటి రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ జాబితాలో సూరత్ ఉంది, వరంగల్ కూడా ఉంది. నేత కార్మికుడు విడిచి వచ్చిన ఊరు, వచ్చి చేరిన ఊరు రెండూ సైకిలు నగరాలవుతామని మాట ఇచ్చాయన్నమాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి అడగవలసినవి మూడు. సైకిలు హెల్మెట్‌కూ తప్పనిసరి నాణ్యతా ఉత్తర్వు రావాలి. పిల్లలకు పాఠశాలలో పుస్తకాలతో పాటు, కార్మికులకు పని ఇచ్చే యాజమాన్యం ద్వారా హెల్మెట్ ఉచితంగా అందాలి. కార్మికవాడల రోడ్ల మీద వాహనాల వేగం 30 కిలోమీటర్లకు పరిమితం కావాలి.

కెయిర్న్స్ చేతిలో ఉన్నవి ఏడు ఉదంతాలే. వాటితోనే ఒక సైన్యం మారింది. మన దగ్గర ఒక్క ఏడాదిలోనే దాదాపు 4,800 ఉదంతాలున్నాయి. వచ్చే నివేదికలో వారి పేరిట ఒక గడి చేర్చమని మంత్రిత్వ శాఖను అడగడంతో మొదలుపెడదాం.