డెబ్బై ఇరవైతొమ్మిది వెనక కథ

మా డెల్టాలో సార్వా ఊడ్పులప్పుడు ఏ రకం వేశావని రైతునడిగితే స్వర్ణ అనడు. "డెబ్బై ఇరవైతొమ్మిది" అంటాడు. ఆ అంకె ముందుండే ఎంటీయూ అన్న అక్షరాలు మార్టేరువి. పెనుమంట్ర మండలంలోని ఈ ఊరు బెంగాలు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పొలాల దాకా వెళ్లింది ఆ పొట్టి పేరుతోనే. 1925లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఇక్కడ వరి పరిశోధన మొదలైంది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ పరిశోధన కేంద్రం దాని గొడుగు కిందికి వచ్చింది. ఎవరి హయాంలో ఏ భవనం లేచిందో చెప్పగల పెద్దలు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక పథకం సంగతి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆసియా అంతటా బియ్యానికి కటకట. 1950ల మొదట్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పూనికతో కటక్ వరి పరిశోధన సంస్థలో ఒక పెద్ద పని తలపెట్టారు. జపాన్ వరి ఎరువుకు బాగా స్పందిస్తుంది; దాన్ని మన ఇండికా వరితో సంకరం చేయాలి. లక్ష్యం, పాల్గొనే దేశాలు అన్నీ పద్ధతిగానే కుదిరాయి. పంటే కలిసిరాలేదు. సంకర సంతానంలో తాలు ఎక్కువ. అన్నేళ్ల శ్రమకు రైతు పొలం దాకా వచ్చినవి నాలుగే రకాలు. ఏ ఆడిటరైనా దాన్ని నష్టం పద్దులోనే రాస్తాడు.

ఆ నాలుగింటిలో ఒకటి 1965లో మలేసియాలో విడుదలైన మషూరి. మన రైతులకీ నచ్చింది. కాకపోతే ఎత్తుగా పెరిగి, గాలివానకు పడిపోయేది. మార్టేరులో దాన్ని వశిష్ఠ అనే రకంతో కలిపారు. 1982లో స్వర్ణ వచ్చింది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మషూరిదీ అదే వంశం.

కలపడమంటే మాటలు కాదు. పూయబోయే వెన్ను ఎంచుకుని, ఒక్కో గింజ కొన కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులూ ఊడదీసి, కాగితపు సంచి తొడగాలి. మర్నాడు తండ్రి వెన్ను తెచ్చి పుప్పొడి దులపాలి. ఏ నాలుగు గింజలో కడతాయి. అక్కణ్ణుంచి తరం తర్వాత తరం ఏరుకుంటూ పోవాలి. సార్వా, దాళ్వా రెండూ వేసినా మూడేళ్లకు ఆరు పంటలే. గుణం నిలబడే లోపే మూడేళ్ల ప్రాజెక్టుకు గడువు తీరిపోతుంది, ఇంకా ఊరూరా పరీక్షలు మిగిలే ఉంటాయి. అయినా దరఖాస్తులో 'ఆశించిన ఫలితాలు' అన్న గడి ఖాళీగా వదలకూడదు. మా తరం వాళ్లందరం ఆ గడి నింపాం, ధైర్యంగానే.

 

స్వర్ణకు ఒక లోపం ఉండిపోయింది: వరదలో రోజుల తరబడి మునిగితే కుళ్లిపోయేది. దానికి మందు ఒడిశా నాటు వరి ఢాలపుట్టియా నుంచి ఏరిన ఎఫ్‌ఆర్ 13ఎ రకంలో ఉంది. అందులోని జన్యువేదో 2006లో తేలింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ దాన్ని స్వర్ణలోకి ఎక్కించింది. 2009లో స్వర్ణ సబ్-1 మన దేశంలో విడుదలైంది. రెండు వారాలు నీళ్లలో ఉన్నా, నీరు తీయగానే మళ్లీ చిగురేస్తుంది.