లష్కరు ఓటు: ఒక కార్మిక నియోజకవర్గపు చరిత్ర

ఎన్నికల ఫలితములు వెలువడు రాత్రి ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ కూర్చుండి, ఒక్కొక్క పేరు కొరకు చెవులు రిక్కించిన రోజులను పెద్దవారు మరచి యుండరు. గెలిచినవారి పేరు, పార్టీ, ఆధిక్యము అను మూడు ముక్కలతో వార్త ముగియును. ఆ మూడు ముక్కల వెనుక ఒక ఊరి బ్రదుకు ఎంత యున్నదో చెప్పుటకు వార్తలలో వ్యవధి చాలదు. కనుక నేడు మనము సికింద్రాబాదు లోక్‌సభ నియోజకవర్గపు కథను కొంత తీరికగా విచారింతము.

మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ ఊరు మొదట సైనికుల విడిది. అందుచేతనే పాతవారు దీనిని లష్కరు అనియే పిలుతురు. ఇచటి మహాకాళి జాతరకు లష్కరు బోనములని పేరు. 1874లో వాడి నుండి ఇచటికి రైలుమార్గము వచ్చినది. తరువాత లాలాగూడలో రైల్వే కర్మాగారము, చెరువుకట్ట దిగువను రాంగోపాల్ బట్టల మిల్లు, ఆజమాబాదులో పరిశ్రమల వాడ, సనత్‌నగరులో అల్విన్ కర్మాగారము ఒకదాని వెంట ఒకటి వెలసినవి. చిలకలగూడ, సీతాఫల్‌మండి, ముషీరాబాదు బస్తీలకు ప్రొద్దు పొడుచుట యన్నను, గ్రుంకుట యన్నను కర్మాగారపు కూత వినబడుటయే. ఆ బస్తీలలో తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ ప్రక్కప్రక్క గుమ్మములలో వినిపించెడివి.

1940లలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివారు ఈ జంటనగరములలో కార్మిక సంఘములను నిర్మించినారు. అట్టి చోట ఎర్రజెండాయే గెలిచి యుండునని ఎవరైనను తలంతురు. కాని 1957లో ఈ స్థానము ఏర్పడినది మొదలు 2024 వరకు జరిగిన 17 సాధారణ ఎన్నికలలోను, రెండు ఉప ఎన్నికలలోను కమ్యూనిస్టు అభ్యర్థి ఒక్కసారియైనను గెలువలేదు. కాంగ్రెసు 12 మార్లు, భారతీయ జనతా పార్టీ 6 మార్లు, తెలంగాణ ప్రజా సమితి ఒక మారు గెలిచినవి. రాష్ట్రమును ఏండ్ల తరబడి ఏలిన తెలుగుదేశమునకు గాని, తెలంగాణ రాష్ట్ర సమితికి గాని ఈ స్థానము దక్కలేదు.

కారణము వెదుక దూరము పోనక్కరలేదు. కార్మికుడు కర్మాగారపు ద్వారము వద్ద కార్మికుడే. ఇల్లు చేరిన తరువాత అతనికి ఒక భాష, ఒక కులము, ఒక మతము, ఒక బస్తీ కలవు. ద్వారము వద్దను జెండా ఒకటి కాదు. కమ్యూనిస్టులకు, సోషలిస్టులకు, కాంగ్రెసువారికి, జనసంఘమునకు సన్నిహితులైనవారికి వేర్వేరు సంఘములు ఉండెను. జీతము పెంపునకు ఒక సంఘమును నమ్మిన చేయియే ఓటు నాడు మరియొక గుర్తుపై ముద్ర వేయుట ఇచట వింత కాదు.

1957, 1962లలో అహ్మద్ మొహియుద్దీన్, 1967లో బాకర్ అలీ మీర్జా కాంగ్రెసు పక్షమున నెగ్గినారు. ఆ పట్టును మొదట సడలించినది ఉద్యోగముల ప్రశ్న. స్థానికులకు రావలసిన కొలువులు రాలేదన్న ఆవేదనతో 1969లో తెలంగాణ ఉద్యమము చెలరేగినది. అందులో అసువులు బాసినవారి స్మారకమును సికింద్రాబాదు గడియారస్తంభము వద్ద నేటికిని చూడవచ్చును. 1971లో తెలంగాణలోని 14 స్థానములలో ప్రజా సమితి పదింటిని గెలిచినది; సికింద్రాబాదులో ఎం. ఎం. హాషిం ఆ పార్టీ అభ్యర్థి. ఆ ఏడే సమితి కాంగ్రెసులో కలిసిపోయినది. 1977లో అదే హాషిం కాంగ్రెసు అభ్యర్థిగా మరల గెలిచినారు. ఆయనకు పిమ్మట 1979 ఉప ఎన్నికలోను, 1980లోను పి. శివశంకర్ గెలిచి, కేంద్రములో న్యాయశాఖ మంత్రి యైనారు.

ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టము టి. అంజయ్యగారిది. అల్విన్ కర్మాగారములో ఆరణాల దినకూలిగా చేరి, కార్మిక సంఘ నాయకుడై, శాసనసభకు నడచిన మనిషి ఆయన. 1978లో ముషీరాబాదు శాసనసభ స్థానములో ఆయనను ఓడించిన నాయిని నరసింహారెడ్డిగారును కార్మిక నాయకుడే. ఒక సంఘ నాయకుని మరియొక సంఘ నాయకుడు ఓడించుట ఆ బస్తీలకే చెల్లినది. ఓడిన అంజయ్యగారు 1980 అక్టోబరులో ముఖ్యమంత్రియై, 1982 ఫిబ్రవరి వరకు ఆ పదవిలో ఉన్నారు. 1984లో తెలుగుదేశము రాష్ట్రములోని 42 స్థానములలో 30 గెలిచిన ప్రభంజనములోను సికింద్రాబాదు ఆయనను నిలిపినది. ఒకనాటి దినకూలి కేంద్రములో కార్మికశాఖను చేపట్టినారు. 1986 అక్టోబరులో ఆయన మరణింపగా, సతీమణి మణెమ్మగారు ఉప ఎన్నికలోను, 1989లోను గెలిచినారు. ఈ స్థానము నుండి లోక్‌సభకు వెళ్ళిన మహిళ నేటివరకు ఆమె యొక్కరే.

1991లో బండారు దత్తాత్రేయగారు గెలువగా, ఆ ఏడు రాష్ట్రమంతటికిని భారతీయ జనతా పార్టీకి దక్కిన స్థానము ఇదొక్కటే యైనది. 1996లో పి. వి. రాజేశ్వరరావు, 1998, 1999లలో దత్తాత్రేయ, 2004, 2009లలో అంజన్‌కుమార్ యాదవ్, 2014లో మరల దత్తాత్రేయ. ఇట్లు తక్కెడ అటునిటు ఊగినది. 2014 నుండి 2017 వరకు దత్తాత్రేయగారును కేంద్రములో కార్మికశాఖనే చూచినారు. ఒకే స్థానము నుండి వెళ్ళిన ఇరువురికి, భిన్న పక్షములవారైనను, అదే శాఖ లభించినది. 2019లోను, 49,944 ఓట్ల ఆధిక్యముతో 2024లోను జి. కిషన్‌రెడ్డిగారు గెలిచినారు.

ఈ నడుమ కార్మికుడే మారిపోయినాడు. మిల్లు మూతబడినది, అల్విన్ పేరు జ్ఞాపకముగా మిగిలినది. నేటి శ్రామికుడు ఆటో నడుపును, మేడలు కట్టును, దుకాణములలో నిలుచును. పదివేలమందిని ఒకేసారి పిలుచు కూత ఇప్పుడు లేదు. నియోజకవర్గపు ఎల్లలును మారినవి. ముషీరాబాదు, అంబర్‌పేటలతో పాటు జూబ్లీహిల్సును ఇందులోనిదే. ఊరికి పుట్టుక నిచ్చిన కంటోన్మెంటు మాత్రము 2009 నుండి మల్కాజిగిరి స్థానములో ఉన్నది.

2019లోను, 2024లోను ఈ నియోజకవర్గములో ఓటు వేసినవారు సగమునకు లోపే. గెలుపోటముల కంటె ఇదియే మనలను ఎక్కువగా ఆలోచింపజేయవలెను. ఆరణాల కూలివానిని ముఖ్యమంత్రి పీఠమునకు నడిపించినది ఈ బస్తీల మాట. ఆ మాటను ఇప్పుడు సగముమంది పలుకుట లేదు. పని మానుకొని వరుసలో నిలిచిన పూటకు కూలి పోవునని కొందరు, నిలిచి ఫలమేమని కొందరు ఇంట ఉండిపోవుచున్నారు. వారిని మరల వరుసలోనికి పిలువగల గొంతు ఏదో, లష్కరు తరువాతి చరిత్రను ఆ గొంతే వ్రాయును.