కొండవీడు: రెడ్డిరాజుల కోటకు ప్రాణం పోసిన చెరువులు

గుంటూరు నుంచి ఫిరంగిపురం మీదుగా సుమారు 25 కిలోమీటర్లు ప్రయాణిస్తే పత్తి చేలు, మిరప తోటలు దాటిన తర్వాత కొండవీడు కొండల వరుస కనిపిస్తుంది. రెడ్డిరాజుల రాజధానిగా వెలుగొందిన గిరిదుర్గం ఈ కొండలపైనే ఉంది. యడ్లపాడు మండలానికి చెందిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పల్నాడు జిల్లాలో చేరింది.

రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డికి అద్దంకి రాజధాని. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చారు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో మహాకవి శ్రీనాథుడు విద్యాధికారిగా పనిచేశారు.

నీరే బలం

కొండ దరిదాపుల్లో జీవనది లేదు. వానలు కురిసే నాలుగు నెలల్లో పట్టిన నీరే ఏడాది పొడవునా సైన్యానికి, పరివారానికి ఆధారం. అందుకే ప్రాకారాలకు దీటుగా జలాశయాలకూ ప్రాధాన్యం దక్కింది. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే మూడు చెరువులు కొండపై నేటికీ ఉన్నాయి. వాటి చుట్టూ శిథిల మండపాలు, ఆలయాలు, బురుజులు దర్శనమిస్తాయి.

ఇటువంటి దుర్గాన్ని బలప్రయోగంతో గెలవడం సులభం కాదు. 1515లో శ్రీకృష్ణదేవరాయల సేనలు గజపతుల అధీనంలోని ఈ కోటను నెలల తరబడి ముట్టడించి లొంగదీశాయి. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు ఇక్కడే పట్టుబడ్డాడు. ఆ తర్వాత కోట గోల్కొండ సుల్తానుల పాలనలోకి వెళ్లింది. 1788లో గుంటూరు సర్కారు ఆంగ్లేయుల వశమైంది. పాలన మైదానానికి తరలడంతో కొండపై జనసంచారం తగ్గి కట్టడాలు శిథిలమయ్యాయి.

కొండ దిగువన

కొండ దిగువన కోట గ్రామంలోని గోపీనాథస్వామి ఆలయం తప్పక చూడదగినది. స్థానికులు దీనిని కత్తుల బావి అని కూడా పిలుస్తారు.

సందర్శకులకు సూచనలు

గతంలో రాళ్ల దారిలో కాలినడకన ఎక్కవలసి వచ్చేది. ఘాట్ రోడ్డు నిర్మాణంతో ఇప్పుడు వాహనాలు కొండపైకి చేరుతున్నాయి. చిలకలూరిపేట వైపు నుంచి కూడా రావచ్చు. వర్షాలు వెలిసిన నాటి నుంచి మాఘమాసం వరకు అనువైన కాలం. వేసవి ఎండలో ఎక్కడం శ్రమతో కూడుకున్నది. తాగునీరు వెంట తీసుకువెళ్లాలి. చెరువుల్లోకి దిగరాదు. చీకటి పడకముందే తిరుగుముఖం పట్టడం మంచిది.

దారి సులువైనందున కోటకు ముప్పు కూడా పెరిగింది. గోడలపై పేర్లు చెక్కడం, చెరువుల్లో ప్లాస్టిక్ వ్యర్థాలు పారవేయడం, గుప్తనిధుల ఆశతో పునాదులు తవ్వడం తీరని నష్టం కలిగిస్తాయి. కూలిన గోడను ఎలాగోలా తిరిగి నిలబెట్టవచ్చు. చెదిరిన శాసనాన్ని మాత్రం ఎవరూ తిరిగి రాయలేరు. శతాబ్దాలు గడిచినా వాన నీటిని పట్టి ఉంచుతున్న చెరువులను కాపాడుకోవలసిన బాధ్యత ఈ తరానిదే.