వీడియో గేముల వయసు రేటింగు

ఒక గేము ఏ వయసువారికి తగినదో చెప్పే గుర్తు. మన దేశంలో సినిమాకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. గేములు ఆ బోర్డు పరిధిలోకి రావు. అందుకే వికారాబాద్ జిల్లా మర్పల్లిలో ఓ పిల్లవాడు ఫోను తెరిస్తే కనబడే అంకె, గేము ఏ స్టోరులో దొరికిందన్న దాన్నిబట్టి మారుతుంది.

ఆండ్రాయిడ్ ప్లే స్టోర్‌ది ఐఏఆర్‌సీ అనే రేటింగు పద్ధతి: 3+, 7+, 12+, 16+, 18+. హింస, బూతులు, జూదం గురించిన ప్రశ్నావళిని తయారీదారే నింపుతాడు. జవాబులను బట్టి అంకె పడుతుంది. ఆపిల్‌ది సొంత కొలత. అందులోని 12+, 17+ మెట్లను 2025లో తీసేసి 13+, 16+, 18+ పెట్టింది. కన్సోల్ డిస్కు డబ్బాల మీద అమెరికా ఈఎస్ఆర్‌బీ (1994) ముద్రో, ఐరోపా పెగీ (2003) ముద్రో ఉంటుంది. ‘మైన్‌క్రాఫ్ట్’ మొదటిదాని లెక్కలో పదేళ్లు నిండినవారికి, రెండోదాని లెక్కలో ఏడేళ్లకే సరి. గేము మాత్రం ఒక్కటే.

రేటింగుల మాట అలా ఉంచితే, 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ అనే గేమును కేంద్రం నిషేధించింది. అదే గేము 2021లో బీజీఎంఐ అనే పేరుతో మళ్లీ వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. కానీ ఇంట్లో ఫోను ఒక్కటే ఉండి, ఖాతా నాన్నదైతే స్టోరు దృష్టిలో ఆడేది నలభై ఏళ్ల మనిషే! డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరు: తెలంగాణ 2017లోనే వాటిని పెద్దలకూ నిషేధించింది.